బడి ఋణం

చదువు చెప్పిన బడికి చదువుకున్నవాడు ఏమి బాకీపడతాడు? ఈ ప్రశ్న వేయగానే మనలో చాలామందికి సమాధానం నాలుక చివరనే ఉంటుంది. తల్లిదండ్రుల ఋణం, గురువుల ఋణం తీరేవి కావని చిన్ననాటినుంచీ విన్నాం. ఏటేటా గురుపూజోత్సవం నాడు వేదికలెక్కి ఆ మాటే తిరిగి చెబుతున్నాం. ఆ మాటలో అబద్ధం లేదు గాని, అందులో ఉన్నది సగం నిజమే. అక్షరం ఒక చేత్తోను, బెత్తం మరొక చేత్తోను పట్టుకుని వచ్చిన బడి ఉంది. పిల్లవాడికి ఆలోచించటం నేర్పి, ఆ ఆలోచన ఎక్కడ ఆగాలో కూడా తానే నిర్ణయించిన బడి ఉంది. అక్షరం అంతంతమాత్రంగా పెట్టి చాకిరీ మాత్రం నిండుగా చేయించుకున్న బడి కూడా ఉంది. వీటన్నిటికీ ఒకే ఋణమా? అసలు ఋణమంటూ ఉంటే దాన్ని ఎవరికి చెల్లించాలి?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించి లాభం లేదు. ఒక దేశాన్నీ, ఇద్దరు మనుషులనూ తీసుకుని చూద్దాం. దేశం ఐర్లండు. ఇద్దరూ కాథలిక్ బడుల్లో పెరిగినవారే. ఇద్దరూ బ్రతుకులో పెద్దభాగం పరదేశంలో గడిపినవారే. ఇద్దరూ వెనక్కు తిరిగి చూసి తమ బాల్యాన్ని గురించి పుస్తకం రాసినవారే. ఒకరు ప్రపంచమంతా ఎరిగిన జేమ్స్ జాయిస్. తెలుగులో చైతన్యస్రవంతి శిల్పం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఆయన పేరు వినిపిస్తుంది. రెండవవాడు పీటర్ టిరెల్. ఈ పేరు మన పాఠకుల్లో బహు కొద్దిమంది విని ఉంటారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే బడి ఋణం సంగతి కూడా కొంత తేలుతుందని నా నమ్మకం.

జాయిస్ 1882లో డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి అప్పటికి కలిగినవాడు. ఆరున్నరేళ్ళ పిల్లవాణ్ణి 1888లో క్లాంగోస్ వుడ్ అనే జెస్యూట్ బడిలో వేశారు. కాథలిక్కులలో కలవారి బిడ్డలు చదివే బడి అది. మూడేళ్ళలో తండ్రి ఆస్తి కరిగిపోయి ఆ బడి మాన్పించవలసి వచ్చింది. 1893లో బెల్వెడియర్ అనే మరొక జెస్యూట్ బడిలో జీతం లేకుండా చేర్చుకున్నారు. అది లోగడ క్లాంగోస్‌లో రెక్టరుగా ఉన్న ఫాదర్ కాన్మీ చలవ. 1898 నుంచి 1902 వరకు డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీ. అదీ జెస్యూట్ల అజమాయిషీలోదే. అంటే మధ్యలో ఒక రెండేళ్ళు మినహాయిస్తే, ఆరో ఏటినుంచి ఇరవయ్యో ఏటివరకు ఆ బుర్రకు పదును పెట్టినవారు జెస్యూట్లు.

ఆ బాల్యాన్ని జాయిస్ 1916లో పుస్తకంగా వచ్చిన 'ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మాన్' అనే నవలలో స్టీఫెన్ డెడలస్ అనే కుర్రవాడి కథగా చెప్పాడు. అందులో ఒక ఘట్టం ఉంది. స్టీఫెన్ కళ్ళద్దాలు పగిలిపోతాయి. కనిపించదు గనుక రాతపని చేయనక్కరలేదని క్లాసు చెప్పే ఫాదరే మినహాయింపు ఇస్తాడు. తనిఖీకి వచ్చిన చదువుల పర్యవేక్షకుడు ఫాదర్ డోలన్ ఆ మాట నమ్మడు. పని ఎగ్గొట్టటానికి వేసిన ఎత్తు అని తీర్పు చెప్పి, తోలుపట్టెతో పిల్లవాడి రెండు అరచేతులూ వాయగొడతాడు. స్టీఫెన్ భయపడుతూనే పొడుగాటి వసారాలు దాటి వెళ్ళి రెక్టరుకు ఫిర్యాదు చేస్తాడు. రెక్టరు దయగా మాట్లాడి పంపుతాడు. తోటి పిల్లలు వాణ్ణి భుజాలకెత్తుకుంటారు.

ఇక్కడితో ఆగితే ఇది న్యాయం గెలిచిన కథ. జాయిస్ ఇక్కడ ఆగలేదు. కొన్నేళ్ళ తర్వాత స్టీఫెన్ తండ్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, రెక్టరు తనకు చెప్పిన సంగతి వినోదంగా వినిపిస్తాడు. ఆ పిల్లవాడి ఫిర్యాదు తలుచుకుని రెక్టరూ డోలనూ కడుపుబ్బ నవ్వుకున్నారట! పిల్లవాడు తన జీవితంలో మొదటి ధర్మయుద్ధం అనుకున్నది పెద్దలకు భోజనానంతరపు కబురు అయింది. కొట్టినవాడూ న్యాయం చేసినవాడూ ఒకే జట్టని ఆ నవ్వు చెబుతుంది. దెబ్బ ఒక మనిషి కోపం వల్ల పడవచ్చు. ఆ దెబ్బను తమాషాగా మార్చగలిగేది మాత్రం వ్యవస్థే. వ్యవస్థను గురించి పెద్ద పెద్ద మాటలు వాడకుండా, ఒక్క నవ్వుతో దాని స్వరూపం చూపించాడు జాయిస్.

దెబ్బలకన్నా లోతుకు దిగిన పని మరొకటి ఉంది. బెల్వెడియర్ రోజులకు సంబంధించిన భాగంలో, ధ్యానదినాలలో ఒక ఫాదరు నరకాన్ని గురించి చేసిన ప్రసంగాలు పుటలకు పుటలు సాగుతాయి. చీకటి, కంపు, మంట, ఎన్నటికీ తీరని కాలం—ఒక్కొక్క ఇంద్రియాన్నీ విడివిడిగా పట్టుకుని భయపెడతారు. పదహారేళ్ళ కుర్రవాడు వణికిపోయి పాపసంకీర్తనానికి పరుగెత్తుతాడు. తర్కంతో ఒప్పించటం జెస్యూట్లకు చేతకాక కాదు. తర్కానికి వారు పెట్టింది పేరు. కాని మనిషిని కట్టివేయవలసి వచ్చినప్పుడు వారు కూడా తర్కాన్ని పక్కనపెట్టి ఒంటిని భయపెట్టారు. ఇది గమనించదగ్గ విషయం.

జాయిస్ ఈ బంధాన్ని తెంచుకున్నాడు. 1903లో తల్లి చావుబ్రతుకుల్లో ఉండగా మంచం పక్కన మోకరిల్లి ప్రార్థించమంటే నిరాకరించాడు. 1904 అక్టోబరులో నోరా బార్నకిల్‌తో దేశం వదిలాడు. ఏ చర్చిలోనూ పెళ్ళి చేసుకోలేదు. 1931లో లండన్‌లో రిజిస్ట్రారు ఎదుట సంతకాలు చేశారు. పిల్లలిద్దరికీ జ్ఞానస్నానం చేయించలేదు. ట్రియెస్ట్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బ్రతికాడు. తరువాత జూరిచ్, పారిస్. 1912 తర్వాత ఐర్లండు గడ్డ మీద అడుగు పెట్టలేదు. 1941లో జూరిచ్‌లో చనిపోయినప్పుడు మతవిధి జరిపిస్తామంటే, అతనికి అలాంటి పని చేయలేనని నోరా వద్దంది.

ఇంత ద్వేషించినవాడు ఏమీ తీసుకుపోలేదా? తీసుకుపోయాడు. జెస్యూట్ల దగ్గర ఏం నేర్చుకున్నావని ఒక మిత్రుడు అడిగితే, విషయాలను ఒక చూపులో అంది, తూచటానికి వీలయ్యేలా అమర్చుకోవటం నేర్చుకున్నానన్నాడు. విశ్వాసం వదిలాక కూడా ట్రియెస్ట్‌లో పవిత్రవారపు ఆరాధనలకు వెళ్ళి వెనక నిలబడి చూసేవాడు. మన భాగవతంలో ప్రహ్లాదుడున్నాడు. చండామార్కులు చెప్పిన చదువంతా చదివాడు. అప్పగించమంటే అప్పగించాడు. ఆపైన, రాజుగారు ఆ చదువు దేనికోసం చెప్పించారో దానికి మాత్రం ఒప్పుకోలేదు. జాయిస్ కూడా అటువంటి శిష్యుడే; భక్తి దిశ ఒక్కటి తిరగబడింది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. జీతం పుచ్చుకోకుండా చదువు చెప్పి, వాక్యం రాయటం నేర్పిన గురువుల మీద ఆ వాక్యాన్నే ఎక్కుపెట్టటం కృతఘ్నత కాదా అని. ఈ ఆక్షేపణలో ఒక వర్తకుడి లెక్క దాగి ఉంది. విద్యను సరుకుగా, కృతజ్ఞతను ధరగా చూస్తే తప్ప ఈ ప్రశ్న నిలబడదు. ఆరేళ్ళ పిల్లవాడు ఏ ఒడంబడిక మీదా సంతకం చేయలేదు. వాడికి చదువు చెప్పటం పెద్దల విధి. విధి నిర్వర్తించినందుకు జీవితాంతం మౌనం కొనుక్కునే హక్కు ఎవరికీ రాదు. పైగా, జాయిస్ నవలలో చెడ్డ ఫాదరూ ఉన్నాడు, దయగల ఫాదరూ ఉన్నాడు. వారి క్రమశిక్షణలోని అందమూ ఉంది; కుర్రవాడు తానే ఫాదరు కావాలని ఊగిసలాడిన ఘడియా ఉంది. లెక్క సరిగా రాసినవాణ్ణి కృతఘ్నుడనటం న్యాయం కాదు. పొగడ్తకన్నా సరైన లెక్కే గురువుకు పెద్ద గౌరవం.

రెండవ ఆక్షేపణ మనవాళ్ళనుంచి వచ్చింది. 1934 ఆగస్టులో మాస్కోలో జరిగిన సోవియట్ రచయితల మహాసభలో కార్ల్ రాడెక్ జాయిస్‌ను దుమ్మెత్తిపోశాడు. ఆ రచన పురుగులు పాకే పెంటకుప్పకు సూక్ష్మదర్శినిలోంచి తీసిన సినిమా వంటిదన్నాడు. దేశం స్వాతంత్ర్యం కోసం పోరాడుతుంటే ఈయన పరదేశంలో కూర్చుని స్వంత మనసు తవ్వుకున్నాడనే మాట ఆ తర్వాత కూడా అభ్యుదయ విమర్శలో వినిపిస్తూ వచ్చింది. చిన్న విషయాలు చూశాడన్న నింద నిలవదు. ఒక పిల్లవాడి అరచేతి మీద పడిన దెబ్బ చిన్న విషయమని అభ్యుదయవాది అనలేడు. కాని వెళ్ళిపోయాడన్న నిందను అంత తేలికగా కొట్టివేయలేం.

ఎందుకంటే, ఉండిపోయినవాడు ఒకడున్నాడు. 1901లో కాలేజీ పత్రిక జాయిస్ వ్యాసాన్నీ, ఫ్రాన్సిస్ స్కెఫింగ్టన్ అనే సహాధ్యాయి వ్యాసాన్నీ నిరాకరిస్తే, ఇద్దరూ కలిసి స్వంత ఖర్చుతో వాటిని ఒకే కరపత్రంగా అచ్చువేశారు. స్కెఫింగ్టన్ వ్యాసం విశ్వవిద్యాలయంలో స్త్రీలకు సమానత్వం గురించి. నవలలో మెకాన్ అనే పాత్రకు అతడే ఆధారం. స్టీఫెన్ అతన్ని కాస్త ఎగతాళిగానే చూస్తాడు. జాయిస్ వెళ్ళిపోయాడు, స్కెఫింగ్టన్ డబ్లిన్‌లోనే ఉండి స్త్రీల ఓటుహక్కు కోసం, శాంతి కోసం పనిచేశాడు. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు రోజుల్లో లూటీలు ఆపటానికి వీధుల్లో తిరుగుతుంటే బ్రిటిష్ సైనికులు పట్టుకున్నారు. విచారణ లేకుండా కాల్చి చంపారు. ఆ ఏడాది చివరనే జాయిస్ నవల అచ్చయింది. ఎవరిది సరైన దారి? స్కెఫింగ్టన్‌లాగా అందరూ ఉండి చావాలని శాసించే అధికారం మనకు లేదు; జాయిస్‌లాగా వెళ్ళిపోవటమే కళాకారుడి ధర్మమని సూత్రం కట్టే అవసరమూ లేదు. దూరం నుంచి కనబడేవి కొన్ని ఉంటాయి. దగ్గర ఉంటేనే చేయగలిగేవి మరికొన్ని ఉంటాయి. అసలు ప్రశ్న మూడవ మనిషి వచ్చాకనే తేలుతుంది.

పీటర్ టిరెల్ 1916లో గాల్వే జిల్లాలో ఒక పేదరైతు ఇంట్లో పుట్టాడు. ఇంటినిండా పిల్లలు, తిండికి కరువు. 1924లో, ఎనిమిదేళ్ళ వయసులో, అతన్ని సోదరులతోపాటు లెటర్‌ఫ్రాక్ ఇండస్ట్రియల్ స్కూలుకు పంపారు. ఇది క్లాంగోస్ వంటి బడి కాదు. 1868 చట్టం కింద ఏర్పడ్డ ఇటువంటి బడులకు పిల్లలను కోర్టులు పంపేవి. నేరం చేసినవారినే అనుకోకండి. చాలామంది విషయంలో పేదరికమే నేరం. ప్రభుత్వం తలకు ఇంత అని గ్రాంటు ఇచ్చేది; కనుక తలలు ఎన్ని ఎక్కువైతే నిర్వాహకులకు అంత మంచిది. లెటర్‌ఫ్రాక్‌ను నడిపింది క్రిస్టియన్ బ్రదర్స్ అనే కాథలిక్ సంఘం. పిల్లలు పొలంలోను, కుట్టుపని గదిలోను, చెప్పులు కుట్టేచోట పనిచేసేవారు. పదహారేళ్ళు నిండిన 1932లో టిరెల్ దర్జీపని నేర్చుకుని, లోపల చెరగని భయంతో బయటికి వచ్చాడు.

తరువాత బ్రిటిష్ సైన్యంలో చేరి దేశాలు తిరిగాడు. సైనికుడుగా మన దేశంలో కూడా కొంతకాలం ఉన్నాడు. రెండవ ప్రపంచయుద్ధం చివరి దశలో జర్మన్లకు ఖైదీగా చిక్కాడు. ఆ యుద్ధఖైదీల శిబిరం లెటర్‌ఫ్రాక్‌తో పోలిస్తే స్వర్గమని ఆయన రాశాడు. దీనికి వ్యాఖ్య అక్కరలేదు. యుద్ధం తర్వాత ఇంగ్లండులో దర్జీగా బ్రతికాడు. తన బాల్యాన్ని గురించి అధికారులకు, మతసంఘానికి ఉత్తరాలు రాశాడు. ఫలితం లేకపోయింది. 1958 నుంచి ఒక మనిషి మాత్రం అతని ఉత్తరాలకు జవాబిచ్చాడు. జరిగిందంతా పుస్తకంగా రాయమని ప్రోత్సహించాడు. ఆయన డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఫ్రెంచి అధ్యాపకుడు, బడుల్లో పిల్లలను కొట్టటానికి వ్యతిరేకంగా సెనేట్‌లో పోరాడిన సభ్యుడు, ఓవెన్ షీహీ-స్కెఫింగ్టన్. 1916లో కాల్చివేయబడిన స్కెఫింగ్టన్ కొడుకు.

టిరెల్ రాశాడు. కొట్టినవారి పేర్లు, దెబ్బల తీరు, పిల్లల ముఖాలు రాశాడు. దయగా ఉన్న బ్రదర్లను కూడా మరవకుండా రాశాడు. అచ్చువేసేవాడు దొరకలేదు. 1967లో టిరెల్ లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ మైదానంలో ఒంటికి నిప్పు పెట్టుకుని చనిపోయాడు. ఆ శవం ఎవరిదో దాదాపు ఏడాదిదాకా తెలియలేదు. దగ్గర దొరికిన పోస్టుకార్డు ముక్కమీద మిగిలిన స్కెఫింగ్టన్ పేరును బట్టి చివరికి గుర్తించారు. రాతప్రతి ఆ సెనేటరు కాగితాల్లో ఉండిపోయింది. చరిత్రకారుడు డియర్మిడ్ వీలన్ దాన్ని వెలికితీసి, 2006లో 'ఫౌండెడ్ ఆన్ ఫియర్' అనే పేరుతో ప్రచురించాడు. భయం పునాదిగా కట్టినదని ఆ పేరుకు అర్థం.

ఇప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టండి. జాయిస్ ముప్పైనాలుగో ఏట తన బాల్యాన్ని అచ్చులో చూసుకున్నాడు. టిరెల్ బాల్యం అతను చచ్చిన ముప్పైతొమ్మిదేళ్ళకు అచ్చయింది. జాయిస్‌కు భాష చేతిలో ఉంది. 1917 నుంచి హారియెట్ వీవర్ అనే మహిళ ఇచ్చిన ధనసహాయం ఉంది. టిరెల్‌కు సూది, దారం ఉన్నాయి. పరదేశం కూడా ఇద్దరికీ ఒకటి కాదు. ఒకరికి అది ఊరిని స్పష్టంగా చూడటానికి ఎక్కిన మేడ. మరొకరికి అది తన మాట నమ్మేవాడు లేని అద్దెగది. బాధకు మాత్రమే వర్గముంటుందని అనుకుంటాం. జ్ఞాపకానికి కూడా వర్గముంది. బాధ ఎవరికైనా గుర్తుంటుంది. ఆ గుర్తును సాక్ష్యంగా నిలబెట్టే శక్తి అందరికీ సమానంగా పంచబడలేదు.

ఇక బడి ఋణం సంగతి. క్లాంగోస్ జాయిస్‌ను కొట్టింది, కాని తనను విమర్శించటానికి కావలసిన వాక్యాన్ని కూడా అతనికి ఇచ్చింది. ఇది గురువుల ఔదార్యం వల్లనే జరిగిందనుకోవటం పొరపాటు. పాలించే తరగతికి కావలసిన కొడుకులను తయారుచేసే బడి అది. వారికి మాట్లాడటం రావాలి. లెటర్‌ఫ్రాక్ తయారుచేసింది దర్జీలను, పాలేర్లను. వారు వినటం నేర్చుకుంటే చాలు. ఒకే మతం, ఒకే శిలువ, ఒకే పూజ! పిల్లవాడి తండ్రి సంపాదనను బట్టి రెండు రకాల బడి. కనుక ఋణాన్ని బడికి చెల్లించాలనే మాట తప్పు. మాట చేతికందినవాడు మాట అందనివాడికి బాకీపడ్డాడు. జాయిస్ ఆ బాకీలో ఒక భాగం తీర్చాడు: పిల్లవాడి మీద పడిన దెబ్బ సాహిత్యానికి తగిన విషయమని స్థాపించాడు. పూర్తిగా తీర్చలేదు, ఏ నవలా ఒంటరిగా తీర్చలేదు. ఆ నవలకు లోకమంతా మెప్పు దొరికిన తర్వాత కూడా, 1958లో టిరెల్ ఉత్తరాలు రాస్తూ వినేవాడి కోసం వెతుక్కోవలసి వచ్చింది.

వినటం వ్యవస్థగా మారటానికి ఇంకా చాలాకాలం పట్టింది. లెటర్‌ఫ్రాక్ బడి 1974లో మూతపడింది. ఐర్లండు బడుల్లో పిల్లలను కొట్టటం 1982లో నిషేధమయింది. 1999లో ప్రధాని క్షమాపణ చెప్పాడు. విచారణ కమిషను వెయ్యిమందికి పైగా మనుషుల మాట విని 2009 మే నెలలో నివేదిక ఇచ్చింది. ఆ బడులు భయంతో నడిచాయని, విద్యాశాఖ మతసంఘాలకు అణిగిమణిగి ఉందని అందులో తేల్చారు. అప్పటికి టిరెల్ చచ్చిపోయి నలభై రెండేళ్ళు.

మన తెలుగునేల సంగతి వేరు. దాన్ని ఐర్లండుకు అద్దం పట్టకూడదు. అక్కడ చర్చి జనంలో అధిక సంఖ్యాకుల మీద పెత్తనం చేసింది. ఇక్కడ ఊరి బడి గడప తొక్కనివ్వని మాల మాదిగ పిల్లలకు మిషన్ బడి మొదటిసారి పలక చేతికిచ్చింది. ఆ పలక విలువను తక్కువచేసే హక్కు, తరతరాలుగా చదువు సొంతం చేసుకున్న మనలాంటివారికి లేదు. అయినా సూత్రం ఒక్కటే. బడి మతానిదా, ప్రభుత్వానిదా, సేటుదా అన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉంది: వేరే గడప లేని పిల్లవాడు అక్కడ నోరు తెరిస్తే వినేవాడున్నాడా? మన విద్యాహక్కు చట్టం కూడా 2009లోనే వచ్చింది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టటాన్ని, మానసికంగా వేధించటాన్ని నిషేధించింది. చట్టం మంచిదే. కాని హాస్టలు పిల్లవాడు సెక్షను చదివి ఫిర్యాదు చేయడు. వాడు ఎదురుగా ఉన్న ముఖాన్ని చూస్తాడు. చెబితే నవ్వుతారా, వింటారా అని చూస్తాడు.

ఆ ముఖం ఉపాధ్యాయుడిది. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది బడుల్లోను, కాలేజీల్లోను పాఠాలు చెప్పేవారే, లేదా రేపు చెప్పబోయేవారే. మనకు పాఠం చెప్పినవారిని మనం తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. కాని చదువు ఋణం వెనక్కు చెల్లేది కాదు, ముందుకు చెల్లేది. క్లాంగోస్ రెక్టరు కూడా తన గదిలో ఆ పిల్లవాడి మాట విన్నాడు. విన్న తర్వాత ఏం చేశాడన్నదే అతనికి తీర్పు అయింది. మనకూ అదే తీర్పు.